అదును దాటిన మందు

నేను తెలుగు ఎమ్మే చదువుకున్నదాన్ని. ఇరవై ఏళ్ళనుంచీ అమలాపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సమాసం కంటబడితే విగ్రహవాక్యం చెప్పకుండా ఉండలేని జబ్బు ఒకటి మా తెలుగు పంతుళ్ళకు ఉన్నది. శుభలేఖ వస్తే ముహూర్తం తరవాత చూస్తాను, ముందు అచ్చుతప్పులు చూస్తాను. మావారు వేళాకోళానికి నన్ను "సూర్యరాయాంధ్రం" అని పిలుస్తూ ఉంటారు.

అటువంటి నేను, మొన్న 2026 సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఉప్పలగుప్తంలో మా అమ్మ బీరువా ముందు చతికిలబడి, ఒక పాత కాగితం పట్టుకుని, ఆరంటే ఆరు ఇంగ్లీషు అక్షరాల దగ్గర ఆగిపోయాను. టి. ఏ. హెచ్. అని మూడు, మధ్య ఒక కూడిక గుర్తు, తరవాత బి. ఎస్. ఓ. అని మూడు. దానికింద తేదీ, సంతకం, రబ్బరు ముద్ర. ఆ ఆరక్షరాల విగ్రహవాక్యం తెలియడానికి మా ఇంటిల్లపాదికీ ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఈ సంగతి పత్రికలో రాయవచ్చునా అని కొన్నాళ్ళు తటపటాయించాను. ఆడవాళ్ళ ఒంటి సంగతులు నలుగురిలోకీ తేవడం మర్యాద కాదని వింటూ పెరిగినదాన్నే నేనూను. "రాయవే. నా పేరు మట్టుకు వెయ్యకు" అని అమ్మే అన్నది. అంచేత రాస్తున్నాను.

మాది ఉప్పలగుప్తం. మూడెకరాల చేను, ఇంటివెనక కొబ్బరితోట. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫానును కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. తెల్లవారి చూస్తే మా తోటలో నిలబడి ఉన్న చెట్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆ ఏడు మా ఇంట్లో డబ్బు లేదు, ఎవరికీ నిద్రా లేదు. ఆ మీదటనే అమ్మకి నెలనెలా బహిష్టు పదేసి రోజులు ఆగకుండా కావడం మొదలైంది. పాలిపోయి, గోడ పట్టుకుని నడిచేది.

1997 ఎండాకాలంలో నాన్నగారు అమ్మను పట్నంలో ఒక నర్సింగు హోముకు తీసుకువెళ్ళారు. గర్భసంచి పాడైపోయింది, ఉంచితే క్యాన్సరు కావచ్చు, తీసెయ్యాలి అన్నారు. పిల్లల ఆపరేషను ఎప్పుడో అయిపోయింది. నేనూ తమ్ముడూ పెద్దవాళ్ళమయ్యాం. ఇంక ఆ సంచితో పనేముందని అందరూ అనుకున్నారు, అమ్మా అనుకున్నది. రెండుపేటల గొలుసు తాకట్టు పెట్టారు. అప్పటికి అమ్మకు ముప్ఫై ఎనిమిదేళ్ళు.

ఇంటరు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను గనక, ఆసుపత్రిలో అమ్మ దగ్గర నేనే ఉన్నాను. ఇంటికి పంపించే రోజున నర్సు ఆ కాగితం నా చేతికే ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, మందులచీటీతో బాటు సంచిలో పడేశాను. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఈ మాట ఇక్కడే చెప్పి ఉంచుతున్నాను. మళ్ళీ దీనితో పనుంది.

నెల తిరక్కుండా అమ్మకు ఒంట్లోంచి ఆవిర్లు మొదలయ్యాయి. మాటాడుతూ ఉండగానే మొహం ఎర్రగా కందిపోయేది. నుదుటినుంచి చెమట ధార కట్టేది. మాఘమాసపు చలిలో అర్ధరాత్రి లేచి, నూతి దగ్గరికి పోయి, చెంబులతో నీళ్ళు గుమ్మరించుకునేది. "కోసిన ఒళ్ళు గదా, వేడి చేసింది, మజ్జిగ తాగు" అనేది మా మామ్మ. మజ్జిగ తాగింది. సబ్జా నీళ్ళు తాగింది. కొబ్బరినీళ్ళకు మా ఇంట కొదవా? అవీ తాగింది. వేడి తగ్గలేదు. నిద్ర పోయింది, నిద్రతో బాటు శాంతమూ పోయింది. అంతకుముందు గొంతెత్తి ఎరగని మనిషి, అన్నంలో రాయి వచ్చిందన్న పాపానికి గిన్నె విసిరికొట్టేది. తరవాత వంటింట్లో కూచుని తనే ఏడిచేది.

"అమ్మకి కోపం ఎక్కువ" అన్నది మా ఇంట్లో ఒక సామెత అయి కూచుంది. తమ్ముడు స్నేహితులను ఇంటికి తీసుకురావడం మానేశాడు. నేను విశాఖపట్నంలో ఎమ్మే చదువుకునే రోజుల్లో, సెలవులిచ్చిన నాలుగు రోజులకు ఇంటికి వచ్చి, తెరవడానికి నాలుగు రోజుల ముందే వెళ్ళిపోయేదాన్ని. లైబ్రరీలో పనుందని చెప్పేదాన్ని. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉన్నది.

ఏళ్ళు గడిచాయి. ఆవిర్లు కొంతకాలానికి పలచబడ్డాయి. ఆ స్థానంలో నడుంనొప్పి వచ్చింది. ఏడాదికి మూడుసార్లయినా మూత్రానికి వెళ్ళినప్పుడు మంట, జ్వరం, వాటికి మందుబిళ్ళలు. వయసు మీద పడుతోంది అనుకున్నాం.

మొన్న 2025 కార్తీకమాసంలో, తెల్లవారుజామున దీపం పెట్టబోయి అమ్మ నూతిగట్టు మీద జారింది. పడ్డది జానెడెత్తునుంచి. చెయ్యి నేలకు ఆనించేసరికి కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరుగారు, ఇంత చిన్నదెబ్బకు విరగకూడదే అని, ఎముకల బలం చూసే స్కాను తీయించమన్నారు. కాకినాడ తీసుకువెళ్ళి తీయించాం. మైనస్ 2.9 అని వచ్చింది. మైనస్ 2.5కు గాని, అంతకు కిందికి గాని పోతే ఎముక గుల్లబారినట్టు లెక్క.

పండక్కి డల్లాసు నుంచి మా పిన్ని వచ్చింది. అమ్మకంటె తొమ్మిదేళ్ళు చిన్నది; చూసినవాళ్ళకు ఇరవయ్యేళ్ళు చిన్నదనిపిస్తుంది. ముట్లుడిగిన మరుసటేడు నుంచీ, అక్కడి డాక్టరు సలహామీద, ఆవిర్లకు హార్మోను మందు వాడుతున్నదిట. పొట్టమీద అతికించుకునే చిన్న పట్టీ ఒకటి, రాత్రి పడుకోబోయే ముందు వేసుకునే మాత్ర ఒకటి. అమ్మ కోసమని ఆ పట్టీల పెట్టె ఒకటి తెచ్చింది.

"అక్కా! ఇన్నాళ్ళూ ఈ పెట్టెలమీద గుండెజబ్బు, క్యాన్సరు అంటూ నల్లగీతల మధ్య పెద్ద హెచ్చరిక ఉండేది. మొన్న నవంబరు 10వ తేదీన అమెరికా మందుల శాఖవారే దాన్ని తీయించేస్తున్నామన్నారు. ఇంక భయం లేదు. నువ్వూ అతికించుకో" అన్నది.

కనుమనాడు అందరం జగ్గన్నతోట ప్రభలతీర్థానికి బయలుదేరితే అమ్మ రానన్నది. అరుగుమీద కూచుని, ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తున్నది.

"ఏమే, ఇది అతికించుకుంటే నేనూ మీ పిన్నిలాగా నడుస్తానంటావా?" అన్నది.

ఆ గొంతులో వేళాకోళం లేదు. ఆశ ఉన్నది. నాకేం చెప్పడానికీ తోచక, "డాక్టరమ్మగారిని అడుగుదాం, అంతదాకా విప్పకు" అన్నాను.

డాక్టరమ్మగారు నెమ్మదైన మనిషి. పెట్టె చూశారు, స్కాను చూశారు, అమ్మ రక్తపోటు చూశారు. తరవాత, "ఆపరేషనులో ఏమేం తీశారమ్మా?" అని అడిగారు.

"గర్భసంచి తీసేశారండి."

"అండాశయాలు?"

అమ్మ నా మొహం చూసింది. "అవేటండీ?" అన్నది.

"ఆ కాగితం ఏమైనా ఉంటే తీసుకురండి" అన్నారు ఆవిడ.

మా అమ్మ కాగితం పారేసే మనిషి కాదు. శిస్తు రసీదులు, తుఫాను నష్టపరిహారం చీటీ, మా పరీక్షల మార్కుల పట్టీలు, అన్నీ బీరువా అడుగున ఒక గుడ్డసంచిలో ఉన్నాయి. వాటిమధ్య, నేను పెట్టిన నాలుగు మడతలతోనే, ఆ కాగితమూ ఉన్నది. మడతల దగ్గర చిరిగిపోయింది గాని అక్షరాలు చెక్కు చెదరలేదు.

మర్నాడు డాక్టరమ్మగారు ఆ ఆరక్షరాలకూ అర్థం చెప్పారు. మొదటి మూడూ, పొట్ట కోసి గర్భసంచిని పూర్తిగా తీసివేయడం. తరవాతి మూడూ, రెండువైపులా గర్భనాళాలనూ, రెండు అండాశయాలనూ తీసివేయడం.

"గర్భసంచి తీసేస్తే బహిష్టు ఆగిపోతుంది, పిల్లలు పుట్టరు, అంతే" అన్నారావిడ. "అండాశయాలు ఉంటే, అవి తయారుచేసే ఈస్ట్రొజెన్ అనే హార్మోను ఒంట్లోకి వస్తూనే ఉంటుంది. వయసు వచ్చిన మీదట కొన్నేళ్ళపాటు మెల్లిమెల్లిగా తగ్గుతుంది. మీకల్లా తగ్గలేదమ్మా. ముప్ఫై ఎనిమిదో ఏట ఒక్కపూటలో ఆగిపోయింది. ఆ ఆవిర్లు, నిద్ర లేకపోవడం, చిరాకు, అన్నీ దానివల్లనే. ఎముకలకు కాపలా ఉండే హార్మోను కూడా అదే."

"అవి ఎందుకు తీశారండీ?" అన్నాను.

"ముందుముందు వాటిలో క్యాన్సరు రాకుండా అని, ఆ రోజుల్లో గర్భసంచితో బాటు తీసేసేవారు. మీ అమ్మగారికి ఎందుకు తీశారో ఈ కాగితంలో లేదు. తీసినవారు మరి ఆ హార్మోనును బయటినుంచి ఇవ్వాలి. పెద్ద అడ్డంకి ఏదీ లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా ఇవ్వడమే పద్ధతి."

అమ్మ అడగవలసిన మాటే అడిగింది. "అయితే ఇప్పుడు ఇవ్వండి."

డాక్టరమ్మగారు వెంటనే జవాబు చెప్పలేదు. పట్టీల పెట్టెను అమ్మవైపుకు జరిపి, "మీ చెల్లెలుగారికి ఇది మంచిమందే. మీకూ ఒకప్పుడు మంచిమందే. ఇప్పుడు నేను మొదలుపెట్టను" అన్నారు.

ఒకే తల్లికడుపున పుట్టిన ఇద్దరికి ఒకే మందు ఒకరికి ఎందుకు మంచిది, ఒకరికి ఎందుకు కాదు? ఆవిడ చెప్పిందీ, ఆ మీదట ఇంటికి వచ్చి నేను చదువుకున్నదీ కలిపి, నాకు బోధపడినంతవరకు చెబుతాను.

ఈ మందు కొత్తది కాదు. చూడిగుర్రాల మూత్రంనుంచి తీసిన ఈస్ట్రొజెన్ బిళ్ళ అమెరికాలో 1942లోనే అమ్మకానికి వచ్చింది. (ఇది వినగానే మా అమ్మ, "గుర్రానిదా? మన ఆవుపంచితానికేం వచ్చింది?" అన్నది.) 1966లో రాబర్ట్ విల్సన్ అనే అమెరికా వైద్యుడు, ఇది వాడితే స్త్రీకి ముసలితనమే ఉండదన్న ధోరణిలో ఒక పుస్తకం రాశాడు. మందు విరగబడి అమ్ముడుపోయింది. 1975లో, ఈస్ట్రొజెన్ ఒక్కటే వాడినవారిలో గర్భసంచి లోపలిపొరకు క్యాన్సరు ఎక్కువగా వస్తోందని పరిశోధనలు చెప్పాయి. అప్పటినుంచి గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టరోను జాతి మందు జతచేసి ఇస్తున్నారు. మా పిన్ని రాత్రిపూట వేసుకునే మాత్ర అదే. గర్భసంచి లేనివారికి మామూలుగా దానితో పని లేదు.

తరవాత అమెరికా ప్రభుత్వం 1991లో ఒక పెద్ద పరిశీలన తలపెట్టింది. రెండు హార్మోన్లూ కలిపిన బిళ్ళను పరీక్షించడానికి 50 మొదలు 79 ఏళ్ళ దాకా వయసున్న 16,608మంది స్త్రీలను తీసుకుని, కొందరికి మందూ కొందరికి వట్టి బిళ్ళా ఇచ్చారు. 2002 జులైలో దాన్ని అర్ధాంతరంగా ఆపేశారు. మందు వేసుకున్నవారిలో, ఏటా పదివేలమందికి రొమ్ము క్యాన్సరు ఎనిమిదిమందికీ, గుండెపోటు వంటివి ఏడుగురికీ, పక్షవాతం ఎనిమిదిమందికీ అదనంగా వచ్చాయి. తుంటి ఎముక విరగడం మాత్రం అయిదుగురికి తగ్గింది. ఆ వార్తకు ప్రపంచమంతా హడలిపోయింది. డాక్టర్లు రాయడం మానేశారు, ఆడవాళ్ళు వేసుకోవడం మానేశారు.

అయితే, ఆ పరిశీలనలో చేరినవారి సగటు వయసు అరవైమూడు. అంటే చాలామంది ముట్లుడిగి పదేళ్ళు దాటినవాళ్ళు. 2007లో అవే లెక్కలను వయసులవారీగా విడదీసి చూస్తే, అందరి కథా ఒక్కటి కాదని కనిపించింది. ముట్లుడిగిన కొద్దికాలానికే మొదలుపెట్టినవారికి గుండె విషయంలో అంత భయం కనబడలేదు. ఆలస్యంగా మొదలుపెట్టినవారికి కనబడింది. 2016లో అచ్చయిన ఇంకొక పరిశోధనలో 643మంది స్త్రీలను రెండు జట్లు చేశారు: ముట్లుడిగి ఆరేళ్ళలోపువారు, పదేళ్ళు దాటినవారు. మెడలోని రక్తనాళపు గోడ మందమెక్కడం మొదటి జట్టులో మందువల్ల నెమ్మదించింది. రెండవ జట్టులో ఆ మేలు లేదు.

మా పిన్ని చెప్పిన అమెరికా ప్రకటనలోనూ ఆ మాట ఉన్నది. ఒళ్ళంతటికీ పనిచేసే ఈ మందును అరవై ఏళ్ళు రాకముందు గాని, ముట్లుడిగిన పదేళ్ళలోపుగాని మొదలుపెట్టడం మంచిది అని. పిన్ని మొదటి వాక్యం చదివి సంతోషించింది. ఈ వాక్యం దాకా రాలేదు. చదువుకున్నవాళ్ళం అందరం చేసే పనే అది. నేను అసలు మొదటి వాక్యం కూడా చదవలేదు గదా!

పిన్నికి యాభై ఏడేళ్ళు. ముట్లుడిగిన మరుసటేడే మొదలుపెట్టింది. అమ్మకు అరవై ఆరు. హార్మోను ఆగిపోయి ఇరవై ఎనిమిదేళ్ళు దాటింది. పైగా రక్తపోటు. ఇప్పుడు మొదలుపెడితే రక్తం గడ్డకట్టడం, పక్షవాతం వంటి భయాలు, వచ్చే లాభంకన్న ఎక్కువ అని డాక్టరమ్మగారి లెక్క.

నన్ను ఎక్కువగా బాధించినది ఈ సంవత్సరాల వరస. 1997లో ఈ మందుకు ప్రపంచమంతటా మంచిపేరే ఉన్నది. అప్పుడు అమ్మకు అది అవసరం, ఎవరూ ఇవ్వలేదు. 2002లో దానికి చెడ్డపేరు వచ్చేనాటికి అమ్మకు నలభైమూడేళ్ళు. అప్పటికీ అవసరమే, ఎవరూ ఇవ్వలేదు. మళ్ళీ మంచిపేరు వచ్చిన రోజున పెట్టె ఒళ్ళోకి వచ్చింది, వయసు దాటిపోయింది. ఈ మూడుసార్లూ మా ఇంట్లో ఎవరికీ ఆ మందున్నదనే తెలియదు, అమ్మకది కావాలనీ తెలియదు.

ఇది మా ఒక్కరి ఇంటి కథయితే పత్రికకు ఎక్కించేదాన్ని కాదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది. దేశంలోని రాష్ట్రాలన్నిటిలోనూ మనదే పైచెయ్యి. అది కూడా యాభై నిండనివారి లెక్క. వారిలో ఎందరికి అండాశయాలు కూడా తీసేశారో, ఆ సంగతి ఎందరికి చెప్పారో! అక్కరలేని ఈ ఆపరేషన్లు జరగకుండా కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో నియమాలు చేసింది. వాటిని మూడు నెలల్లో అమలు పెట్టమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

ఇంతకూ డాక్టరమ్మగారు అమ్మను ఉత్తచేతులతో పంపలేదు. ఎముకలకు వారానికొక బిళ్ళ రాశారు. పరగడుపున, నిండు గ్లాసుడు మంచినీళ్ళతో మింగాలి. మింగాక అరగంటసేపు నడుం వాల్చకూడదు, ఏమీ తినకూడదు. దానితోబాటు కాల్షియం, డి విటమిను, రోజూ నడక. తరవాత గొంతు తగ్గించి అమ్మతో ఏదో అన్నారు. తరచు వచ్చే ఆ మూత్రపు మంటకు, లోపల రాసుకునే పూతమందు ఒకటున్నదనీ, అదీ ఈస్ట్రొజెనే గాని చాలా కొద్ది పాళ్ళలో ఉంటుందనీ, రక్తంలోకి పెద్దగా పోదనీ, దానికి ఈ వయసు అడ్డం కాదనీ. ముందు రెండు వారాలు రోజూ, తరవాత వారానికి రెండుసార్లు.

"అయితే నాకూ కాస్త మిగిల్చారన్నమాట" అన్నది అమ్మ. డాక్టరమ్మగారు నవ్వారు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆ సమయానికి నా మొహం కందిపోయి, మెడమీదినుంచి చెమట కారుతోంది. జనవరి నెల. పైన పంకా తిరుగుతోంది. చేతిలోని ఫైలుతో విసురుకుంటున్నాను.

"మీకెన్నేళ్ళు?" అన్నారావిడ.

"నలభై ఆరు."

ఏడాదిగా నాకు బహిష్టులు సరిగా లేవు. క్లాసులో పద్యం చదువుతూ ఉండగా ఆవిరి కమ్మి, పాదం మధ్యలో ఆగి, పుస్తకం అడ్డం పెట్టుకున్న రోజులున్నాయి. ఇంట్లో పిల్లల మీద విసుక్కుంటున్నాను. పోయిన నెలలో మా అమ్మాయి తమ్ముడితో, "అమ్మకి ఈ మధ్య కోపం ఎక్కువైంది" అనడం గది బయటినుంచి విన్నాను. ఆ మాట నాకు కొత్తది కాదు గదా! ఇవన్నీ డాక్టరమ్మగారికి చెప్పాను. అమ్మ ఒక్కమాట కూడా మాటాడకుండా వింటూ కూచుంది.

రక్తపోటు, రక్తపరీక్షలు, రొమ్ముల పరీక్ష అయ్యాయి. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికీ, కాళ్ళలోనో ఊపిరితిత్తులలోనో రక్తం గడ్డకట్టినవారికీ, కాలేయం జబ్బున్నవారికీ ఈ మందు ఇవ్వరుట. నాకవేమీ లేవు. రోజూ చేతికి రాసుకునే జెల్లు ఒకటి, గర్భసంచి ఉన్నది గనక రాత్రికి ప్రొజెస్టరోను గొట్టం ఒకటి రాశారు. ఏడాదికొకసారి చూసి, ఉంచడమో మానడమో నిర్ణయిస్తామన్నారు. వేసుకోనా, మాననా అని రెండు రాత్రులు ఆలోచించాను. మూడవనాడు అమ్మ ఫోను చేసింది. "మొదలుపెట్టావా?" అన్నది. లేదన్నాను. "నన్ను చూసీనా?" అని పెట్టేసింది. ఆ సాయంత్రం మొదలుపెట్టాను.

ఇదివరకు ఒక మాట చెప్పి ఉంచాను. ఆ కాగితం చదవగలిగినదాన్ని మా ఇంట్లో నేనొక్కదాన్నే అని. ఆదివారం ఉప్పలగుప్తం వెళ్ళి, దాన్ని మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా తెలుగులో రాశాను. తెలియని మాటలు డాక్టరమ్మగారిని అడిగి తెలుసుకున్నాను. 1997లో ఎప్పుడు చేరారు, ఏం జబ్బన్నారు, ఏమేం తీశారు, ఏ మందులిచ్చారు, ఏ మందు ఇవ్వలేదు. పెద్ద అక్షరాలతో, అమ్మ అద్దాలు లేకుండా చదువుకునేటట్టు రాశాను. ఇన్నేళ్ళలో నేను చేసిన అనువాదాలలో నాకు కష్టమైనది అదే.

అమ్మ అరుగుమీద కూచుని పైకి చదివింది. నాన్నగారు మడతకుర్చీలో ఉన్నారు. "రెండు అండాశయాలు" అన్న చోట అమ్మ ఆగింది.

"సంతకం నాదే" అన్నారు నాన్నగారు, ఎవరూ అడక్కుండానే. "ఇక్కడ పెట్టమన్నారు, పెట్టాను. మనిషి బతికితే చాలుననుకున్నాను."

"మీరేం చేస్తారు లెండి" అన్నది అమ్మ.

కాసేపటికి నాన్నగారే మళ్ళీ, "ఇప్పుడా మందు పనికిరాదన్నారా అమ్మాయీ?" అని అడిగారు. పనికిరాదన్నారని చెప్పాను. "అంతేలే. నారు ముదిరిపోయాక ఊడిస్తే పిలకెయ్యదు. ఎరువు మంచిదే, నీరూ మంచిదే. అదును పోయింది" అన్నారు. ఆయన ఎటో తోటవైపు చూస్తున్నారు.

అమ్మ కాగితం చివరిదాకా చదివి, మడిచి, ఒళ్ళో పెట్టుకున్నది.

"అయితే నాకు కోపం ఎక్కువని మీరందరూ అన్నది..." అని, మాట పూర్తి చేయకుండా నావైపు చూసింది.

నాకు నోట మాట రాలేదు. "నేను చదవవలసిందమ్మా, ఆ రోజునే" అన్నాను, చివరికి.

"పద్దెనిమిదేళ్ళ పిల్లవి. నీకేం తెలుసును" అన్నది అమ్మ. క్షమించిందో, ఊరికే అన్నదో నాకు తెలియదు. ఆవిడ కోపమంతా ఎప్పుడో ఖర్చయిపోయింది కాబోలు.

తరవాత లేచి లోపలికి వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో ఆగింది.

"పక్కింటి కోడలుపిల్ల లేదూ, దానికి ముప్ఫై నాలుగు. బహిష్టు ఆగకుండా అవుతోందని గర్భసంచి తీయించెయ్యమన్నారుట. ఎల్లుండి చేరాలిట. సాయంత్రం ఇక్కడికి రమ్మన్నాను. ఆ డాక్టరమ్మగారిని ఒకసారి చూడమని చెబుదాం. అక్కరైతే తీయించుకుంటుంది, తప్పేముంది? కాని ఏమేం తీస్తారో అడిగి మరీ చేరమని చెబుదాం. నువ్వు ఆఖరి బస్సుకు పోదువుగాని, ఉండు."

ఉన్నాను. ఆ అమ్మాయి వచ్చేసరికి చీకటి పడింది. అమ్మ దీపం దగ్గరగా కూచోబెట్టి, నేను రాసిన కాగితం ఆ పిల్ల చేతిలో పెట్టి, "చదువు" అన్నది.